ట్యూబు ఉన్నట్టు రుజువు

చక్రాన్ని ఎవరు కనిపెట్టారో చరిత్రకు తెలియదు గానీ, చక్రంలో ఏమేం ఉండాలో నిర్ణయించే అధికారం మాత్రం జిల్లా సైకిళ్ల తనిఖీ విభాగానిదే. (అలాంటి విభాగం ఒకటుందని తెలియనివారు అదృష్టవంతులు.)

ఆ విభాగం చల్లని చూపు ఈ ఏడు రెబెక్కమ్మ మీద పడింది. కృష్ణపట్నం పక్కన మూడు పట్టపుపాళేలకు, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లెలకు, మందుబిళ్లలు చేర్చే ఆరోగ్య కార్యకర్త ఆమె. దారంతా రొయ్యల గుంటల కట్టలు, కట్టల నిండా కంపముళ్లు. అది చూసి ఎవరో పుణ్యాత్ములు ఆమెకు ట్యూబులేని టైర్ల సైకిలు ఇచ్చారు. టైరు లోపల సీలెంటని చిక్కటి మందు పోస్తారు. ముల్లు దిగితే అదే వచ్చి బెజ్జం మూసేస్తుంది. పదకొండు నెలలుగా పంక్చరన్న మాట లేదు. రెబెక్కమ్మకు ఆ సైకిలంటే ప్రాణం.

తనిఖీదారు విజయభాస్కర్ గారు సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి ఫారం చూసుకున్నారు. టైర్లు రెండు, బెల్లు ఒకటి, ట్యూబులు రెండు. మూడో గడి దగ్గర కలం ఆగింది.

“ట్యూబులేవమ్మా?”

“దీనికి ఉండవు సార్. లోపలుండే మందే కాపాడతాది.”

మందుకు ఫారంలో గడి లేదని ఆయన ఎంతో మర్యాదగా చెప్పారు. ట్యూబు పాడవాలన్నా ముందు ట్యూబంటూ ఉండాలి గదా అని వివరించారు. మర్నాడు సాయంత్రంలోగా ట్యూబులు చూపకపోతే సైకిలు వెనక్కి తీసుకుంటామన్నారు. (ఇచ్చింది వాళ్లు కాదు. దానికీ ఫారంలో గడి లేదు.)

మూడో పాళెంలో గంగులయ్యకు రోజూ దగ్గరుండి టీబీ బిళ్ల మింగించాలి. పొద్దున ఎనిమిది దాటితే మనిషి దొరకడు, వేటకు పోతాడు. నడిచి పోయి అందుకునే దూరం కాదు. రెబెక్కమ్మ నేరుగా పంక్చర్ల షాపు నడిపే సమాధానం అనే కుర్రాడి దగ్గరికి వెళ్లింది.

“బాగుండేదాన్ని చెడగొట్టమంటావా అక్కా?” అన్నాడతను.

“బాగుంటే చాలదంట నాయనా. ట్యూబు ఉండాలంట.”

సమాధానం నిట్టూర్చి టైర్లు విప్పాడు. మందంతా తుడిచేసి, ఇన్నాళ్లూ కిమ్మనకుండా పడి ఉన్న ముళ్లు ఇరవైమూడు లాగి, ట్యూబులు ఎక్కించాడు. మర్నాడు విజయభాస్కర్ గారు ఒకటి విప్పించి, కళ్లారా చూసి, వేలితో నొక్కి, టిక్కు పెట్టారు. సైకిలు సర్వాంగ సంపూర్ణమని ధ్రువపత్రం ఇచ్చారు.

ఆ మరుసటి పొద్దున రెండో పాళెం దాటగానే, సమాధానం కంటబడని ఇరవైనాలుగో ముల్లు తన పని తాను చేసింది. రెబెక్కమ్మ సైకిలు తోసుకుంటూ కట్ట మీద మూడు కిలోమీటర్లు నడిచింది. ఒడ్డు చేరేసరికి గంగులయ్య పడవ అలలు దాటిపోయింది. బిళ్ల చేతిలో పట్టుకునే తనిఖీదారు గారికి ఫోను చేసింది.

“సార్, ట్యూబుకు బెజ్జం పడింది.”

“అంటే ట్యూబు ఉన్నట్టే గదమ్మా,” అని ఆయన సంతోషించి, అదే సంగతి ఫారంలో ‘రుజువు’ అనే గడిలో రాసుకున్నారు.