నాలుగు వందల పన్నెండు జీన్ల తేడా

ఆవు కడుపులో ఏం జరుగుతోందో ఆవుకు తెలియకపోయినా ఫరవాలేదు, ఫైలుకు తెలియాలి. ఈ మహత్తర సూత్రం మీదే శామీర్‌పేట దగ్గరి ఆ పశు పరిశోధన కేంద్రం నడుస్తోంది.

రావల్కోల్ ఊరి దుర్గాబాయి తన ఆవు సుక్కిని పది రోజుల కోసం అక్కడ అప్పగించింది. తిప్పతీగలాంటి చేదు మొక్కల్లో ఉండే ఆల్కలాయిడ్లను దాణాలో కలిపి పెడితే, ఆవు కడుపు పొరల్లో ఏ జీన్లు జోరందుకుంటాయో, ఏవి నిద్రపోతాయో చూస్తారట. పదకొండో రోజు పొద్దున్నే ఆమె పలుపు పట్టుకుని వచ్చేసింది. ఇంటి దగ్గర దూడ సీసా పాలు ముట్టడం లేదు. దాని ఎండిన డొక్కలు చూస్తే ఆమెకు ముద్ద దిగడం లేదు.

అప్పగింతల అధికారి ఫణిభూషణ్ (తీసుకోవడానికి వేరే అధికారి ఉన్నారు, ఆయన సెలవు) నివేదిక తిరగేసి విచారంగా తలూపాడు.

"ఏడో నిబంధన ప్రకారం పశువును మాకు ఇచ్చినప్పటి స్థితిలోనే తిరిగి ఇవ్వాలమ్మా. మీ ఆవు కడుపులో నాలుగు వందల పన్నెండు జీన్ల తీరు మారింది. పాత స్థితికి వచ్చేదాకా ఇవ్వలేం."

"మార్చింది మీరే గద సారూ?"

"అవును. ప్రయోగం బ్రహ్మాండంగా ఫలించింది," అన్నాడాయన, నిజంగానే సంతోషిస్తూ.

ప్రయోగం చేసిన డాక్టర్ అశ్రితను పిలిపించారు. "జీన్లు మారలేదు సార్, అవి పనిచేసే జోరు మారింది. ఆవు అదే," అందామె. ఫారంలో జోరుకు గడి లేదని ఫణిభూషణ్ చూపించాడు.

దుర్గాబాయికి ఒళ్లు మండింది. "పొద్దుగాల సంది మూడు చాయ్‌లు తాగిన్రు సారూ. మీ కడుపు ఇంట్లకెల్లి ఎల్లినప్పటి లెక్కనే ఉన్నదా? మరి ఇంటోళ్లు మిమ్మల్ని ఎట్ల రానిస్తరు?"

"చాయ్‌లో ఉండేదీ ఆల్కలాయిడే సార్," అంది అశ్రిత మెల్లగా.

ఫణిభూషణ్ నాలుగో కప్పు కింద పెట్టేశాడు. దారితప్పి వచ్చిన పశువుల గురించిన పదమూడో నిబంధన తీశాడు. ఆవరణలో ఊరూపేరూ లేని కొత్త ఆవు ఒకటి కనబడిందనీ, దాన్ని రావల్కోల్ మహిళ ఒకరు దయతలచి తోలుకెళ్లారనీ రాశాడు. దుర్గాబాయి సంతకం చేసింది. ఆ సాయంత్రం దూడ పొదుగు కుమ్మి కుమ్మి తాగుతుంటే ఆమె కడుపు నిండింది.

రికార్డు ప్రకారం సుక్కి ఇంకా కేంద్రంలోనే ఉంది. రోజూ నాలుగు కిలోల దాణా తింటోంది. ఆకలి బాగా పెరిగిందని నివేదికలో రాశారు.