ఆంటెనా తిప్పిందెవరు

ఆ ఆదివారం ఉదయం దయానంద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండెక్కేలోపు ఇంట్లో స్నానాలు, చాయ్‌లు అయిపోవాలి. సెలవు రోజైనా మోండా మార్కెట్టులో తన పత్తి దుకాణం తాళం ఒకసారి లాగి చూసి రానిదే తోచని తండ్రి లింగన్న, ఆ పని మీద బయలుదేరాలి. తల్లి రఖమాబాయి, చెల్లెలు సుమిత్ర మిద్దె మీద అప్పడాలు ఎండబెట్టుకోవాలి. ముందుగది, అందులోని కొత్త టీవీ తనకు దక్కాలి.

ఎందుకంటే ఆ రోజు టీవీలో గ్రే హెరాన్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు మీద డాక్యుమెంటరీ వస్తున్నదని పేపర్లో వేశారు. హైదరాబాదులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ మిత్రుడొకడు దయానంద్‌కు ఆ బ్యాండు క్యాసెట్ల పిచ్చి అంటించాడు. ఒక్కో పాట క్యాసెట్టు ఒక పక్క మొత్తం ఆక్రమించేది. మాటలు మొదలయ్యేసరికి రఖమాబాయి పప్పు ఉడికిపోయేది. హెరాన్ అంటే కొంగ అని కొడుకు చెప్పాక "కొంగలోళ్ళ పాట" అని ఆమె దానికి పేరు పెట్టింది.

మహారాష్ట్రలోని వాళ్ళ ఊరు నాందేడ్‌లో ఆ పాటలు ఓపిగ్గా వినేవాళ్ళు దయానంద్ కాక మరో ఇద్దరే ఉన్నారు. ఒకడు నాగనాథ్, నీటిపారుదల పనుల్లో ఓవర్సీరు. రెండోవాడు అంబాదాస్, మందుల దుకాణంలో కూర్చుంటాడు. నాగనాథ్‌కు సుమిత్రను ఇవ్వాలన్న ఆలోచన దయానంద్‌దే. అంత పొడుగు పాటను మధ్యలో లేవకుండా వినగలిగినవాడు ఎలాంటి కాపురాన్నైనా నెట్టుకు రాగలడని అతని నమ్మకం. రెండు ఇళ్ళలోనూ ఒప్పుకున్నారు. మరుసటి వారమే సాకర్‌పుడా, అంటే నిశ్చితార్థం.

అయితే కాబోయే బావాబావమరుదుల మధ్య ఒక పాత తగువుంది. గ్రే హెరాన్‌లో మార్ష్ అనే గిటారిస్టు ఉండేవాడు. అయిదో రికార్డు తర్వాత వెళ్ళిపోయాడు. ఆ తర్వాత డ్రమ్ములు వాయించే పైక్ పాడటం మొదలుపెట్టాడు. మార్ష్ పోయిన రోజే బ్యాండు చచ్చిందని దయానంద్ అంటాడు. అది బతికిందే ఆ రోజని నాగనాథ్ అంటాడు. అంబాదాస్‌కు ఇద్దరూ ఒకటే. ఇద్దరు మిత్రుల మధ్య కూర్చుని, ఒకడన్న మాట రెండోవాడికి చేరవేయడంలోనే అతనికి సంగీతం వినిపించేది.

పైగా దయానంద్‌ది పుట్టు అనుమానం. చాయ్‌లో చక్కెర తగ్గితే డబ్బాలో అయిపోయిందనుకోడు, తనకు మాత్రమే ఎవరో తగ్గించి వేశారనుకుంటాడు.

ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. కార్యక్రమం మొదలైంది. ఇంగ్లీషు సగమే అర్థమైంది కానీ రికార్డుల అట్టలు తెలిసినవే కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు రికార్డులు దాటాయి. "ఇప్పుడు అయిదోది. ఎందుకు పోయిండో మార్ష్ అచ్చి చెప్తడు సూడు" అని దయానంద్ ముందుకు వంగాడు. అప్పుడే బొమ్మ ఒక పక్కకు జారి, వంకర తిరిగి, తెర నిండా చుక్కలైంది. టీవీలోంచి రేకుల మీద వాన పడ్డట్టు చప్పుడు.

"నువ్వు కూసో, నేను పోయి ఏంటినా సూస్త" అంటూ నాగనాథ్ లేచి మిద్దె మెట్లెక్కాడు.

దయానంద్ కిటికీ దగ్గర నిలబడి కేకలు పెట్టాడు. "రాలే. ఇంకా రాలే. అరే, ఏమైందిరా?" పైనుంచి జవాబు లేదు. అతని గొంతు బొంగురుపోయాక బొమ్మ నిలబడింది. అప్పటికి తెర మీద తెల్లకోటు వేసుకున్న పైక్ హాయిగా పాడుతున్నాడు. మార్ష్ వచ్చాడో, పోయాడో, ఏమన్నాడో, అంతా చుక్కల్లో కలిసిపోయింది.

నాగనాథ్ దిగి వచ్చాడు. అంబాదాస్ దయానంద్ చెవి దగ్గరికి జరిగి, "నవ్వుకుంట దిగుతున్నడు సూడు" అన్నాడు.

నిజమే, నవ్వుతున్నాడు.

"ఏమైంది పైన?" అన్నాడు దయానంద్.

"కాకి కూసున్నది" అన్నాడు నాగనాథ్, నవ్వు ఆపుకుంటూ.

"ఇంతసేపా?"

"పెద్ద కాకి."

మిత్రులిద్దరూ వెళ్ళిపోయాక దయానంద్ తల్లిని అడిగాడు. "గాలి జోరుగ కొట్టింది" అందామె. చెల్లెల్ని అడిగాడు. "తాడు తెగినట్టున్నది" అంది సుమిత్ర, అప్పడాల మీంచి కళ్ళెత్తకుండా. ఒకే ఇంటి మీద ఒకే ఆంటెనాకు కాకి, గాలి, తాడు. దయానంద్ మిద్దె ఎక్కి చూశాడు. గుంజ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కాకి రెట్ట లేదు. చెట్ల ఆకు కదలడం లేదు. పైకి కనబడే తాళ్ళన్నీ బిగువుగానే ఉన్నాయి.

సాయంత్రం చెల్లెల్ని మళ్ళీ పట్టుకున్నాడు. "నిజం చెప్పు. నాగనాథ్ పైకచ్చి ఏం జేసిండు?"

సుమిత్ర మొహం కందిపోయింది. అమ్మ కిందికి నీళ్ళకు వెళ్ళినప్పుడు జరిగింది అన్నకు తెలిసిపోయిందనుకుంది. "ఏం జెయ్యలే దాదా. ఒక్క మాట అడిగిండు, గంతే."

"ఏమని?"

"నీకు ఇష్టమేనా అని."

"నువ్వేమన్నవ్?"

"ఊఁ అన్న."

దయానంద్ లెక్క కట్టుకున్నాడు. అంటే నాగనాథ్ ఆంటెనా ఊరికే తిప్పలేదు, తన చెల్లెల్ని అడిగి, ఆమె అనుమతి తీసుకుని తిప్పాడు. ఇన్నాళ్ళు ఒకే కంచంలో తిన్న చెల్లెలు పైక్ పార్టీలో ఎప్పుడు చేరిందో అతనికి తెలియనే లేదు.

మర్నాడు స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్లో ముగ్గురూ కలిశారు. దయానంద్ కప్పు ముట్టుకోలేదు. "నాగనాథ్, మిద్దె మీద నువ్వు చేసింది నాకు ఎర్కైంది. సుమిత్ర అంతా చెప్పింది. నా ఇంట్ల నా చెల్లెనే కలుపుకున్నవ్."

నాగనాథ్ కప్పు కింద పెట్టేశాడు. పెళ్ళికి ముందే పిల్లతో ఒంటరిగా మాట్లాడిన సంగతి బయటపడిందనుకున్నాడు. "తప్పయింది దయా. మల్ల జెయ్య. మా బాపుకు మాత్రం చెప్పకు."

"ఒప్పుకున్నడు" అన్నాడు అంబాదాస్ నిదానంగా, రుచి చూస్తున్నట్టు.

దయానంద్ ఎవరికీ చెప్పలేదు. అంబాదాస్ కూడా ఎవరికీ చెప్పలేదు, దుకాణానికి మందుల కోసం వచ్చినవాళ్ళకు తప్ప. అతను చెప్పినప్పుడు అది "నాగనాథ్ లింగన్న సేటు ఏంటినా తిప్పిండట, ఒప్పుకున్నడట" అన్న మాట. దగ్గుమందు కొన్నవాడు ఇంటికి చేరేసరికి 'తిప్పిండు' అరిగి 'తీసిండు' అయింది. కళ్ళ చుక్కలు కొన్న ముసలాయన దగ్గర అది 'ఎత్కపోయిండు' అయింది. నాగనాథ్ తండ్రి మారోతికి అందింది ఆ మూడోది.

మారోతి ముద్ఖేడ్‌లో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. ముందు దారి సాఫ్ చేయాలి, విచారణ తర్వాత చేయాలి అన్నది ఆయన ఉద్యోగంలో నేర్చుకున్న పద్ధతి. కొడుకును ఒక్క మాట అడగకుండా బజారుకు పోయి కొత్త ఆంటెనా కొన్నాడు. దాన్ని సైకిల్ రిక్షాలో నిలబెట్టుకుని, ఊరంతా చూస్తుండగా లింగన్న ఇంటి ముందు దిగాడు.

"ఇదేంది బావా?" అన్నాడు లింగన్న.

"మావోడు చేసిన తప్పుకు నేను తల దించుకున్న. ఇది తీస్కోండ్రి. మాట బయటికి పోవద్దు."

"మా ఏంటినా మిద్దె మీదనే ఉన్నది గద."

మారోతి తలెత్తి చూశాడు. ఉంది. ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. "పోకపోతే మావోడు ఎందుకొప్పుకున్నడు?"

"ఏమొప్పుకున్నడు?"

ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. లింగన్న లోపలికి తిరిగి కొడుకును పిలిచాడు. దయానంద్ వచ్చి, ఆంటెనాను చూసి, విషయం తేల్చేద్దామనుకున్నాడు. "తీసుడు గాదు బాపూ. నాగనాథ్ మిద్దె మీదికి పోయిండు. సుమిత్ర ఒక్కతే ఉన్నది. ఇష్టమేనా అని అడిగిండు. ఇది ఊఁ అన్నది. ఇగ చెయ్యాల్సింది చేసిండు. నిన్న నా ముందటనే తప్పయిందన్నడు."

అతను చెప్పింది ఆంటెనా గురించి. ఆ ఇద్దరు పెద్దమనుషులకు వినిపించింది మరొకటి.

మారోతి చాయ్ తాగకుండా లేచాడు. లింగన్న కూర్చోమనలేదు. "సాకర్‌పుడా సంగతి తర్వాత సూద్దాం" అన్న మాట ఇద్దరిలో ఎవరు ముందన్నారో కూడా తెలియలేదు. కొత్త ఆంటెనా గుమ్మంలోనే గోడకు ఆనుకుని ఉండిపోయింది.

ఆ రాత్రి దయానంద్ కంచంలో చల్లారిన జొన్నరొట్టె పడింది. పచ్చిపులుసు లేదు. సుమిత్ర తలుపేసుకుంది, లోపలినుంచి ముక్కు చీదిన చప్పుడు వస్తున్నది. తండ్రి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. తాను ఏ మాటతో ఇంత పని చేశాడో దయానంద్‌కు అంతుపట్టలేదు గానీ, చెల్లెలి పెళ్ళి తన నోటి మీదుగా ఆగిందని మాత్రం తెలిసింది. రొట్టె పక్కకు నెట్టాడు.

ఆలోచిస్తే ఒకటే దారి కనిపించింది. నాగనాథ్ చేసిన నేరం మార్ష్‌ను మాయం చేయడమొక్కటేనని, అంతకు మించి ఏమీ లేదని పెద్దవాళ్ళకు చూపించాలి. అలా చూపించాలంటే ఆ పోయిన భాగం కావాలి. దొరికింది కూడా. అంబాదాస్ బావ హైదరాబాదులో టీవీ నుంచి ఆ కార్యక్రమాన్ని వీడియో క్యాసెట్టులోకి ఎక్కించుకున్నాడట. క్యాసెట్టు బస్సులో వచ్చింది. వీసీఆర్ కిరాయికి వచ్చింది. లింగన్న మనసు చంపుకుని పోయి మారోతిని పిలిచాడు. "మావోడు ఏదో సాక్ష్యం ఉన్నదంటున్నడు. ఒక్కసారి అచ్చి సూడండ్రి."

"సాక్ష్యమా? మిద్దె మీద ఫోటో గిట్ల తీసిండ్రా?" అన్నాడు మారోతి. ఈ మాట విన్నప్పటి నుంచి నాగనాథ్ అన్నం తినలేదు.

ముందుగదిలో రెండు కుటుంబాలూ పంచాయితీలో కూర్చున్నట్టు కూర్చున్నాయి. నాగనాథ్ గోడ మూలకు ఒదిగి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. వంటింటి తలుపు దగ్గర సుమిత్ర, ఆమె వెనక రఖమాబాయి. క్యాసెట్టు తిరిగింది. జుట్టు పెంచిన తెల్లవాళ్ళు తెర మీదికి రాగానే మారోతి, "వీళ్ళెవ్వలు, సాక్షులా?" అన్నాడు. 

నాలుగో రికార్డు దాటింది. దయానంద్ లేచి నిలబడ్డాడు. "ఇగో, ఇక్కడ. ఇక్కడనే పోయింది. ఇప్పుడు మార్ష్ అస్తడు, సూడండ్రి."

మార్ష్ రాలేదు. లావుపాటి మనిషి ఒకడు వచ్చి, స్టేజీ మీద పొగ వదిలే యంత్రం గురించి మాట్లాడాడు. దాన్ని ఎలా కొన్నారో, ఏ ఊళ్ళో ఎలా చెడిపోయిందో చెప్పాడు. యంత్రాన్ని ముందు నుంచి, వెనక నుంచి చూపించారు. తర్వాత బ్యాండు ఫోటో ఒకటి వచ్చింది. అందులో అంచున ఒక భుజం, దాని మీద సగం గిటారు పట్టీ ఉన్నాయి. ఆ భుజం మార్ష్‌ది. అంతే. వెంటనే తెల్లకోటుతో పైక్ పాడటం మొదలుపెట్టాడు.

దయానంద్ క్యాసెట్టు వెనక్కి తిప్పించి చూశాడు. మళ్ళీ తిప్పించాడు. పొగ యంత్రం అలాగే ఉంది. మార్ష్ పేరు కూడా ఎవరూ ఎత్తలేదు.

"ఇప్పుడు మనకు పోయింది ఏంది?" అన్నాడు లింగన్న.

"పొగ మిషను" అన్నాడు దయానంద్, నేల చూస్తూ.

మారోతి కొడుకు వైపు తిరిగాడు. "మరి నువ్వు దేనికి తప్పయిందన్నవ్ రా?"

నాగనాథ్ తువ్వాలులో మొహం దాచుకున్నాడు.  వంటింటి తలుపు దగ్గరినుంచి సుమిత్ర ఒక అడుగు ముందుకు వచ్చింది.  "ఏంటినా ముచ్చటే గాదు మామా. నన్ను చేసుకునుడు నీకిష్టమేనా అని అడిగిండు. ఇష్టమే అన్న. మెట్ల మీదనే నిలబడి అడిగిండు, మిద్దె మీద కాలు గూడ పెట్టలే. బొమ్మ దానంతట అదే అచ్చింది."

 మారోతి గొంతు సవరించుకున్నాడు. లింగన్న మీసం మీద చెయ్యి వేసుకుని ఏదో అనబోయేలోపు రఖమాబాయి అందుకుంది.

"అడిగితే తప్పేంది? అడగాల్సిందే గద. నన్ను ఎవ్వలడిగిండ్రు?" అంటూ మొగుడి వైపు చూసింది. లింగన్న మీసం మీది చెయ్యి దించేశాడు. ఆమె ఆగకుండా, "ఏంటినా అంటరా, అప్పడాల మీదికి కాకులు రాకుండ నేనే గుంజకు పాత చీర కట్టి గుంజిన. అది తిరిగినట్టున్నది. బొమ్మ పోయిందని మీరు ఒర్రుతుంటే నీళ్ళు తీస్కొని పైకచ్చి ఇప్పిన, వీళ్ళిద్దరికి సోయే లేకపాయె. దానికి ఇంత రాజ్యం ఎందుకు?" అంది.

"మరి గాలి అన్నవ్ గదా అవ్వా?" అన్నాడు దయానంద్.

"నీతోని అన్నీ చెప్పి ఏగేదెట్ల?" అని ఆమె చాయ్ పెట్టడానికి వెళ్ళింది.

ముందు నవ్వింది మారోతి. తర్వాత లింగన్న. సాకర్‌పుడా ముహూర్తం అక్కడే, చాయ్ రాకముందే మళ్ళీ పెట్టుకున్నారు. దయానంద్ వెళ్ళి చెల్లెలి ముందు నిలబడ్డాడు. క్షమించమనడం అతనికి అలవాటు లేదు. "పచ్చిపులుసు రేపటినుంచైనా పెట్టిస్తవా?" అన్నాడు. సుమిత్ర కళ్ళు తుడుచుకుని, "సూస్త" అంది.

అంతా సర్దుకున్నాక నాగనాథ్ మాత్రం టీవీ ముందు నుంచి లేవలేదు. ఆగిన తెరను చూస్తూ, "దయా, నేను పైక్ మనిషినే. గాని ఇది అన్యాయం. అయిదు రికార్డులు వాయించినోనిది ఒక్క భుజమా?" అన్నాడు.

దయానంద్ అతని పక్కన చాప మీద కూలబడ్డాడు. చాలా రోజుల తర్వాత అతని కళ్ళలో వెలుగు వచ్చింది. "గదే నేననేది. దీన్ని ఎవడో కావాలనే కోసిండు. పైక్ మనిషే అయ్యుంటడు, లండన్ల కూసోని కోసిండు."

"వదలద్దు వాణ్ని. ముఖం మీదనే అడగాలె" అన్నాడు నాగనాథ్.

అంబాదాస్ ఇద్దరి మధ్యకు జరిగాడు. ముగ్గురూ గంభీరంగా తలలూపారు. నాందేడ్ నుంచి లండన్‌కు సర్కారు ఎస్టీ బస్సు లేకపోవడం వల్ల ఆ గొడవ అక్కడితో ఆగిపోయింది.