ఆగయ్య కాలు ఆపిన బండి

ఆ పొద్దున ఆగయ్య వేసుకున్న లెక్క సులువైనదే. తొమ్మిదింటికి లాల్‌దర్వాజాలో బయలుదేరాలి. తొమ్మిదిన్నరకు పురానాపూల్‌లో ఇశ్రాయేలు ఇంటి ముందు దిగి మాట కలపాలి. ఆ తర్వాత జనగామ, ఓరుగల్లు, మానుకోట మీదుగా ఎనిమిది రోజులు పాత దోస్తుల ఇళ్లన్నీ తిరిగి రావాలి. ముప్పై ఏళ్లు సిటీ బస్సు తోలి రిటైరైన మనిషికి తీర్థయాత్ర అంటే అదే. అందుకోసం బావమరిది గుండయ్య కూరగాయలు తోలుకునే మెటడోర్ వ్యాను అడిగి తెచ్చుకున్నాడు.

ఇశ్రాయేలు అతని బస్సుకు ఇరవై ఏళ్లు కండక్టరు. కానీ ఆగయ్య రిటైరైన రోజు డిపోలో దండ వేసి సన్మానం చేస్తుంటే ఇశ్రాయేలు కనబడలేదు. ఆ కోపంలో ఆగయ్య నలుగురి ముందు, "ఇశ్రాయేలంటె ఎవ్వడో నాకు తెల్వదు" అనేశాడు. మాట ఆ సాయంత్రానికే పురానాపూల్ చేరింది. ఎనిమిది నెలలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడు ఇశ్రాయేలు కూడా రిటైరై, ఇవాళ పదకొండింటి రైలుకు డోర్నకల్‌లో బిడ్డ దగ్గరికి వెళ్లిపోతున్నాడని తెలిసింది. ఇక ఈ ఊరు రాడట.

"పోయి ఏమంటవ్?" అని అడిగింది భార్య మాణిక్యమ్మ, పరుపుచుట్టలు డ్రైవర్ సీటు వెనక కప్పు దాకా పేరుస్తూ.

"తప్పయిందని అంట."

"నీ నోట్లకెల్లి ఆ మాట వస్తదా?"

"తొవ్వల నేర్చుకుంట."

వ్యాను కదిలింది. శాలిబండ బస్టాపు రాగానే ఆగయ్య కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. స్టాపులో జనం గంట నుంచి బస్సు కోసం నిలబడి ఉన్నారు. వెనక తలుపులు తెరుచుకున్న చప్పుడైంది. వ్యాను ఒక పక్కకు ఒరిగింది.

"ఎందుకాపినవ్?" అంది మాణిక్యమ్మ.

"నేనాపలె. కాలు ఆపింది."

"రిటైరైనమని కాలుకు గూడ ఒక కాయితం రాసియ్యి."

ఇంతలో కిటికీలోంచి ఒక టిఫిన్ క్యారియర్, దాని వెనక నాగమణమ్మ మొహం కనిపించాయి. రోజూ అతని బస్సెక్కిన మనిషి. "ఆగన్నా, నువ్వేనా. మళ్ల డ్యూటీల తీస్కున్నరా? మంచిగైంది. కోడలు కాన్పయి దవాఖానల ఉన్నది, అన్నం పట్కపోతున్న. జల్ది పోనియ్యి" అంటూ ఆమె కూడా వెనక ఎక్కేసింది.

"దింపెయ్" అంది మాణిక్యమ్మ.

"స్టాపు గాని కాడ మనిషిని దింపుడు నా తోటి కాదు. చార్మినార్ కాడ చెప్త."

చార్మినార్ దగ్గర చెప్పేలోపే లాడ్ బజార్ షావుకారు బసవయ్య, అఫ్జల్‌గంజ్‌లో పార్సిలు వెయ్యాలంటూ నాలుగు గంపలు ఎక్కించాడు. "నిమ్మలంగ తోలు భాయ్. మొత్తం గాజులే" అన్నాడు. మాణిక్యమ్మకు ఓపిక పోయింది. అందరినీ నేనే దింపుతానని కొంగు దోపుకుని వెనక్కి వెళ్లింది. కాసేపటికి వచ్చి మాట్లాడకుండా కూర్చుంది. అప్పటి నుంచి ఒక్కసారి కూడా సణగలేదు. అది ఆగయ్యకు అనుమానం రావలసిన సంగతి. రాలేదు.

పురానాపూల్‌కు చార్మినార్ దగ్గరే ఎడమకు తిరగాలి. ఆగయ్య చేతులు స్టీరింగును నేరుగా మదీనా చౌరస్తా వైపు పట్టుకున్నాయి. ఇరవై ఏళ్ల రూటు అదే మరి. గాజులు పగలకూడదని వ్యాను నడిచే మనిషిలా పోతుంటే, ఒక ఎడ్లబండి దాటిపోయింది. బండివాడు వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

అఫ్జల్‌గంజ్‌లో గంపలు దించి, నాగమణమ్మను దవాఖాన గేటు దగ్గర దింపేసరికి పదిన్నర దాటింది. అక్కడి నుంచి పురానాపూల్ దాకా ఉన్న స్టాపులన్నిట్లో కాలు తన పని తాను చేసుకుపోయింది. ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు. ఇశ్రాయేలు ఇంటి ముందుకు వచ్చేసరికి పదకొండుంపావు.

తలుపుకు తాళం ఉంది.

పక్కింటి సుశీలమ్మ అప్పుడే సంచితో బజారు నుంచి వస్తోంది. "పదకొండింటి బండన్నడు, పోయే ఉంటడు. సామాను పోయిన వారమే బిడ్డ తీస్కపోయింది. పొద్దుగాల నుంచే తాళమున్నది" అంది.

ఆగయ్య గడప మీద కూలబడ్డాడు. కాసేపు తాళం వైపు చూసి, దానితోనే మాట్లాడాడు.

"తప్పయింది తమ్మీ. నోరు జారిన. నువ్వు రాలేదని కోపంల అన్న గని, నువ్వు తెల్వకపోతె నాకింకెవరు తెలుసు? ఆ దినం అందరు సప్పట్లు కొడుతుంటె నా కండ్లు గేటు మీదనే ఉండె."

"ఇంకొక్కసారి అను. సగమే ఇనవడ్డది."

గొంతు వ్యాను లోంచి వచ్చింది. వెనక తలుపు దగ్గర ఇశ్రాయేలు కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. చొక్కా అంతా గంపల గడ్డి.

ఆగయ్య గిరుక్కున అటు తిరిగాడు. "ఎప్పుడెక్కినవ్?"

"శాలిబండల. పొద్దున్నే మీ గల్లీ దాంక వచ్చిన. లోపలికి రానీకె మొఖం సెల్లక మళ్లిన. స్టాపుల నిలవడితె నువ్వే వచ్చి నా ముంగట ఆపినవ్. నన్ను సూసే ఆపినవనుకొని ఎక్కిన. నీ కాలు ఆపిందని ఎక్కినంక తెలిసింది."

"మరి పలకవైతివి."

"నువ్వే పిలుస్తవని సూసిన. ఆగన్నా, ఆ దినం నేను రాకపోలె. గేటు అవుతలనే ఉన్న. నీ మెడల దండ ఏస్తుంటె సూడనీకె నాతోటి కాలె."

ఆగయ్య భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"చార్మినార్ కాడనే సూసిన. ఉండు వదినె, ఆయనే పిలుస్తడన్నడు. గా ముచ్చట నేను చెప్తె ఇద్దరు మళ్ల బిగుసుకుంటరని నోరు మూస్కున్న."

"అరె, నీ రైలు పోయింది గదరా" అన్నాడు ఆగయ్య.

"అఫ్జల్‌గంజ్‌ల దిగితె దొరుకుతుండె. దిగబుద్ధి కాలె."

ఆగయ్య లేచి అతని చొక్కా మీద గడ్డి ఒక్కొక్కటే తీశాడు. తీయడానికి చాలానే ఉంది.

"డోర్నకల్ మేం పోయే తొవ్వకు దగ్గర్నే ఉన్నది. ముంగటికి రా" అన్నాడు చివరికి.

మాణిక్యమ్మ దిగి వెనక పరుపుల పక్కన ఎక్కి కూర్చుంది. ప్రతి స్టాపులో కాలు ఆపుతూ, ప్రతి దోస్తు ఇంటి ముందూ దిగుతూ డోర్నకల్ చేరడానికి ఆరు రోజులు పట్టింది.