ఖండితరేఖా విజయము

మధ్యాహ్నభోజనానంతర నిద్రాదేవి ఇంజనీరింగు ప్రథమవత్సర విద్యార్థిలోకమును సమస్తమును తన యొడిలోనికి లాగుకొనుచుండ, పంకాలు కిర్రుకిర్రుమని మూల్గుచుండ, డ్రాయింగు హాలను రణరంగమున, కిటికీ ప్రక్కనున్న బల్లకడ, టీ-స్క్వేరను గీతలబద్దను గదాదండమువలె భుజమున మోపి నిలిచినది మన వీరనారి. గీసినదానికన్న చెరిపినదే ఎక్కువ గనుక సహాధ్యాయులామెకు ‘రబ్బరు’ అను బిరుదము నొసగిరి. ఇంట మిక్సీని విప్పి, మరల బిగించి, ఒక్క మరనైనను మిగుల్చక తల్లిచే శభాషనిపించుకొన్న ఆ యంత్రవిదారిణికి, కాగితముపై వస్తువు మాత్రము ససేమిరా లొంగదాయెను. రెండు పరీక్షలలో భంగపడినది. మూడవది నేడే. ఇదియు పోయినచో మెకానికల్ వదలి వేరే బ్రాంచికి మారిపోదునని ఉదయమే తల్లితో చెప్పి వచ్చినది. తల్లి తలయైన ఎత్తక కూరలు తరుగుచునేయుండెను. అదియే ఆమెను ఎక్కువ బాధించినది.

అంతట సుద్దధూళిధూసరితహస్తుడగు మాస్టారు నల్లబల్లపై ఒక దిమ్మెను ఎదుటనుండి చూచినట్లొకటి, పైనుండి చూచినట్లొకటి, రెండు చిత్తరువులు గీసి, తలకొక సబ్బుబిళ్లయు, తలకొక ప్లాస్టిక్ కత్తియు పంచి, సింహగర్జన మొనర్చెను.

“ముందు సబ్బు చెక్కండి. తర్వాత పక్క నుంచి ఎలా ఉంటుందో గీయండి. విరగ్గొట్టుకుంటే ఇంకోటి ఇవ్వను. ఇదేం స్నానాల గది కాదు.”

రబ్బరు చెక్కెను. సబ్బుతురుము హిమపాతమువలె బల్లపై రాలుచుండ, బిళ్ల నడినెత్తిన, ముందునుండి వెనుకకు, తిన్నని గాడి తొలిచెను. ప్రక్కకు త్రిప్పి చూచెను. ఉత్త దీర్ఘచతురస్రము గీసి పెన్సిలు దించెను.

మాస్టారు వచ్చి కళ్లజోడు సవరించుకొనెను. “గాడి ఏదమ్మా?”

“పక్క నుంచి కనపడట్లేదు సార్. లేనిది గీస్తే అబద్ధం కదా.”

“కనపడట్లేదా, లేదా? రెండూ ఒకటేనా?”

మరల చూతమని తత్తరపాటున బిళ్లనందుకొనగా, అది స్వేదార్ద్రకరతలమునుండి సర్రున జారి, నేలగూలి, ప్రక్కబల్ల మహాశయుని చెప్పుక్రింద పిండియయ్యెను.

“సారీ, చూసుకోలేదు” అనెను ఆ సబ్బుమర్దనుడు.

రబ్బరు వంగి ఆ పిండిని ఏరబోయెను. మాస్టారు మాత్రము చలింపలేదు.

“మిక్సీలు విప్పుతానని మొదటిరోజే చెప్పావు. మూత పెట్టాక లోపలి బ్లేడు ఎక్కడికి పోతుంది?”

“ఎక్కడికీ పోదు సార్. అక్కడే ఉంటుంది.”

అనిన వెంటనే ఆమె కన్నులు మూసి, వట్టిచేతిని గాలిలోనికెత్తి, లేని సబ్బును మెల్లగా త్రిప్పసాగెను. హాలంతయు కిసుక్కుమనెను. నవ్వుకొనిన నవ్వుకొననిండని, చూపుడువ్రేలితో లేని గాడి లోతును తడిమెను. సగమునకు కొంచెము పైన. కన్నులు తెరచి, ఆ ఎత్తున, ఈ కొసనుండి ఆ కొసవరకు, దాగిన అంచులకు డ్రాయింగు శాస్త్రము విధించినట్లు, గీసి విడిచి, గీసి విడిచి, ఖండఖండములుగా రేఖను లాగెను. రబ్బరుముక్క పెట్టెలోనే ఉండిపోయెను.

మాస్టారు స్కేలుతో కొలిచి, టిక్కు పెట్టెను. “సరిగ్గా ఉంది. వెళ్లి చేతులు కడుక్కో. సబ్బు విడిగా ఉంది, బయట అటెండర్ని అడుగు, ఇస్తాడు.”

రబ్బరు వరండాలోనికి వచ్చి తల్లికి ఫోను చేసెను.

“అమ్మా, బ్రాంచి మారను.”

“నువ్వు మారవని నాకు తెలుసులే. మిక్సీ మళ్లీ మొరాయిస్తోంది, తొందరగా రా.”

కావున ఓ జనులారా, అష్టదిక్కులకును తెలియునట్లు చాటుడు: కాగితముపై, బొటనవ్రేలంత పొడవున, కంటికి కానరాని గాడి యొకటి నిలిచినది. ఎవ్వరును దానిని చెరుపలేదు.