ప్రతిధ్వనికి ముఖం వచ్చిన రోజు

లేలియో గాంబెరీని దేవుడు క్షమిస్తాడేమో. ఓర్తెన్సియో మాత్రం క్షమించడు.

లేలియో కట్టిన సొనాటాలో రెండు వయొలిన్లు, ఒక పెద్ద వయొలిన్ చర్చిలో జనానికి ఎదురుగా మోగుతాయి. మూడో వయొలిన్ ఎక్కడో దాక్కుని, లేలియో వాయించిన ప్రతి ముక్క తోకనీ మెల్లగా తిరిగి పలకాలి. అదే ప్రతిధ్వని. దాన్ని విని బ్రెషా ఊరు పదకొండేళ్లుగా మురిసిపోతోంది. ఆ పదకొండేళ్లూ దాక్కున్నవాడు ఓర్తెన్సియో. "ఆ చర్చి గోడలు భలే పలుకుతాయయ్యా" అని అతని మొహం మీదే అన్నవాళ్లున్నారు.

పండగనాటి పొద్దున లేలియో వచ్చి, "బలిపీఠం వెనక నిచ్చెనలు, కొవ్వొత్తులు నింపేశారు. నువ్వు జనం పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం పెట్టెలో కూర్చో" అన్నాడు.

"ఫాదర్ కూర్చునే చోట నేనా?"

"తెర లాక్కో. నిన్నెవడు చూస్తాడు?"

"నా ఏడుపూ అదేగా! ఇవాళ ఒక్కసారి ఎదురుగా కూర్చుంటాను."

"నీ మొహానికి పెట్టే ఎక్కువ. నడువ్."

ఇవాళ వాడన్నది తిరిగి అననని, తన మాటే తను పలుకుతానని ఒట్టు పెట్టుకుని ఓర్తెన్సియో పెట్టెలో దూరాడు.

సొనాటా మొదలైంది. తెర వేసి ఉంటే లోపల ఫాదర్ ఉన్నట్టే లెక్క. చెవిటి డోరలీచె అవ్వ వచ్చి జాలీ దగ్గర మోకరించింది.

"నేను ఫాదర్ని కాదే అవ్వా! వెళ్లు!" అని అతను గుసగుసలాడాడు. ఆమెకేం వినబడుతుంది?

సరిగ్గా అప్పుడే లేలియో మొదటి ముక్క ముగించి, వయొలిన్ విల్లు పైకెత్తి ప్రతిధ్వని కోసం ఆగాడు. చర్చంతా చెవులు రిక్కించింది.

"జినెవ్రా మల్బరీ ఆకులు మూడేళ్లుగా దొంగచాటుగా నేనే కోస్తున్నాను ఫాదర్!" అని అరిచింది అవ్వ. "దాని పట్టుపురుగులు చచ్చింది అందుకే!"

స్తంభం పక్కనుంచి జినెవ్రా దూసుకొచ్చింది. "దొంగపీనుగా! పురుగులకి తెగులొచ్చిందని నాచేత మొక్కులు మొక్కించావు కదే!"

"చూశారా ఫాదర్, దీని నోరు!"

ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. ఇదంతా ఓర్తెన్సియో పన్నాగమేననుకుని లేలియో అదే ముక్కని ఇంకా గట్టిగా వాయించాడు. పెట్టె ఊగిపోతోంది. ఓర్తెన్సియో తెర పీకేసి బయటికొచ్చి, ఆడవాళ్లిద్దరి మధ్యా నిలబడి, ఎవరూ రాయని జవాబొకటి విల్లు విరిగేలా వాయించాడు.

జుట్లు వదిలేశారు. లేలియో ఆగిపోయాడు.

"ఎవడివయ్యా నువ్వు?" అన్నారు ముందు వరసలో ఉన్న పెద్ద ఫాదర్.

"ఈ చర్చి గోడనండి. పదకొండేళ్లుగా."

పెద్ద ఫాదర్ కడుపు పట్టుకుని నవ్వారు. "వచ్చే పండక్కి నువ్వే ముందు కూర్చో. లేలియోని పెట్టెలో పెడదాం."

ఆ పండక్కి జనం గంట ముందే వచ్చారు. ఈసారి ఎవరి గుట్టు బయటపడుతుందోనని తోసుకుంటూ, అందరూ పెట్టెవైపే తిరిగి నిలబడ్డారు. లోపల్నుంచి లేలియో ముక్క తోక పలికినప్పుడల్లా "భలే!" అన్నారు. ఓర్తెన్సియో మూడొందల వీపులకి ఎదురుగా, ఒక్క స్వరం తగ్గించకుండా, చివరిదాకా వాయించాడు.

ఎదుట కూర్చోవడానికని అతను కుట్టించుకున్న పట్టు అంగీకి అయిన ఖర్చు పద్దెనిమిది లీరాల ఆరు సొల్దీలు.