మార్చురీ గుమ్మంలో నవ్వు బొమ్మ

ఆ నవ్వు బొమ్మ మీట నొక్కింది దువ్వెన మామ కాదు. ఆ సంగతి సూపరింటెండెంటుగారికి తెలుసు. ఫలితాల ఆఫీసరుగారికి తెలుసు. మంత్రిగారికైతే అందరికంటే బాగా తెలుసు. తెలిసి తెలిసి ఆ ముసలాయన్ని దొంగను చేసి గేటు బయట నిలబెట్టింది మీరే. పేర్లు రాయను. మీ పేర్లకంటే మీ హోదాలే మీకు ముద్దు కాబట్టి వాటితోనే పిలుస్తాను.

నేను ఆ పెద్దాస్పత్రిలో స్ట్రెచర్ తోస్తాను. స్ట్రెచర్ తోసేవాడు గోడతో సమానం. గోడ ముందు జనం ఏమైనా మాట్లాడతారు, ఏమైనా చేస్తారు. అందుకే నాకు ఇంత తెలుసు.

ఆరోగ్య మంత్రిగారు మా ఆస్పత్రి మెట్ల మీద నిలబడి మైకు అందుకున్న రోజు నుంచి మొదలుపెడతాను. మహానుభావుడు, ఎండలో నిలబడి మరీ మాట్లాడారు. మమ్మల్నీ నిలబెట్టారు.

"ఇకమీదట ఈ ఆస్పత్రిలో గుర్రానికీ గాడిదకీ ఒకే గడ్డి ఉండదు," అన్నారు. "పనిచేసేవాడికి బోనస్. పనిచెయ్యనివాడికి ఇంటిదారి."

అందరం చప్పట్లు కొట్టాం. ఎవరు గుర్రమో ఎవరు గాడిదో ఆయన చెప్పలేదు. కొడుతున్నంతసేపూ ప్రతివాడూ పక్కవాడి వైపే చూశాడు.

అంతకుముందు ఏడాది చివర్లో అందరికీ సమానంగా బోనస్ వచ్చేది. అది అన్యాయమని తేలింది. కొత్త పద్ధతి చాలా శాస్త్రీయం. ప్రతి విభాగం గుమ్మానికి ఒక పెట్టె బిగించారు. దానికి రెండు మీటలు. పచ్చది నవ్వు బొమ్మ, ఎర్రది ఏడుపు బొమ్మ. పనయ్యాక బయటికొచ్చేవాళ్ళు ఏదో ఒకటి నొక్కాలి. నవ్వులు ఎక్కువైతే బోనస్. అసలే లేకపోతే ముందు శిక్షణ, తర్వాత ఉద్వాసన. నా పెట్టెను స్ట్రెచర్ కాళ్ళవైపు కడ్డీకి కట్టారు. పడుకున్న రోగికి అది అందదు. అందేంత ఓపికున్నవాడు స్ట్రెచర్ ఎక్కడు.

తొలి విడత ఫలితాలు వచ్చాయి. మొదటి స్థానం గేటు కాపలావాడిది. పచ్చమీట నొక్కినవాళ్ళకే గేటు తీశాడు. ఆ చొరవను, పెట్టెల లెక్క చూసే ఫలితాల ఆఫీసరుగారు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. రెండో స్థానం ఎముకల డాక్టరుగారిది. ఆయన ఆస్పత్రికి వచ్చి చాలాకాలమైంది. ఆయన్ని చూసినవాడు లేడు కాబట్టి ఏడ్చినవాడూ లేడు. చివరి స్థానం మార్చురీ. మొత్తం ఎరుపే.

మార్చురీ అంటే దువ్వెన మామే. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దువ్వెన ఉంటుంది. బంధువులు వచ్చి చూసేలోపు పోయినవాళ్ళ తల దువ్వుతాడు, కాలరు సరిచేస్తాడు, కప్పిన దుప్పటి ముడతలు తీస్తాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. "ఆఖరిసారి చూసుకునేది కదరా, చింపిరి జుట్టుతో ఏం చూపిస్తాం," అంటాడు. ఆయనా అత్తా మార్చురీ వెనక గదిలో కాపురం. ఉద్యోగం పోతే గదీ పోతుంది.

సమీక్షా సమావేశానికి మామతోపాటు నన్నూ పిలిచారు, నాదీ సున్నాయే కాబట్టి. ఫలితాల ఆఫీసరుగారు కుర్రాడు, చురుకైనవాడు. ఏ ప్రశ్నకూ జవాబు వినేదాకా ఆగడు.

"మీ విభాగంలో ఒక్క నవ్వు కూడా లేదు," అన్నాడు.

"లేదండి," అన్నాడు మామ.

"ఎందుకు లేదు?"

"మార్చురీ అండి."

"కారణాలు చెప్పకండి, ఫలితాలు చెప్పండి. మిగతా విభాగాలకు వచ్చినవాళ్ళు సంతోషంగా వెళ్ళిపోతున్నారు. మీ దగ్గరికి వచ్చినవాళ్ళ సంగతేమిటి?"

"మా దగ్గరికి వచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు వెళ్ళరండి. ఎవరో ఒకరు మోసుకుపోవాలి."

ఆఫీసరుగారి ముఖం వికసించింది. "చూశారా సార్, వదిలి వెళ్ళడానికి ఇష్టపడటం లేదు," అన్నాడు సూపరింటెండెంటుగారితో. "పునాది గట్టిగానే ఉంది. ఈయన ముఖంలోనే లోపం."

మామకు నవ్వడంలో శిక్షణ ఇచ్చారు. అద్దం ముందు కూర్చోబెట్టి పళ్ళు కనబడాలన్నారు. ముందు పళ్ళు రెండు లేవని మామ మనవి చేసుకున్నాడు. ఉన్నవి చూపించమన్నారు. ఆ సాయంత్రం గది ముందు కూర్చుని అత్త నాతో అంది, "కట్టుకున్నప్పటి నుంచి నన్ను చూసి ఒక్కసారి నవ్వలేదయ్యా ఈ మనిషి. ఇప్పుడు శవాలను చూసి నవ్వుతాడట. నా తలరాత చూడు."

"నువ్వు నవ్వొచ్చే పని చేస్తే కదా," అన్నాడు మామ లోపల్నుంచి.

మార్చురీ గోడలకు పసుపు రంగు వేశారు. పైకప్పులోంచి సన్నగా సంగీతం పెట్టారు. తలుపు మీద బోర్డు తగిలించారు. 'మీ ఆనందమే మా లక్ష్యం.' ఒక పెద్దమనిషి కొడుకుని తీసుకుపోవడానికి వచ్చి, ఆ బోర్డు కింద చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నన్ను పిలిచి, "కళ్ళజోడు తెచ్చుకోలేదు బాబూ, అందులో ఏం రాసుంది?" అని అడిగాడు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళమని రాసుందని చెప్పాను. ఆయన వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

నెలాఖరులోపు ఒక్క నవ్వయినా రాకపోతే గది ఖాళీ చెయ్యాలని మామకు చెప్పేశారు.

"ఆ పచ్చమీటకు మోచెయ్యి తగిలించు మామా," అన్నాను. "లోకమంతా అదే చేస్తోంది. ఎవడు చూస్తాడు?"

"లోపల పడుకున్నవాళ్ళు చూడరు, అది నిజమే," అన్నాడు. "కానీ మళ్ళీ లోపలికెళ్ళి వాళ్ళ తల దువ్వాలి కదరా. అదే చేత్తో."

చాదస్తం. నేను తిట్టాను కూడా.

అలాంటి సమయంలో అధికార పార్టీ అధ్యక్షుడు, అందరూ పెద్దాయన అని పిలిచే వ్యక్తి, మా ఆస్పత్రిలోనే కన్నుమూశారు. మన మంత్రిగారు పార్టీలో రెండోస్థానం. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆ స్థానంలో కూర్చుంటే ఇప్పుడు నల్లరంగు వేసుకోవాల్సి వస్తోంది, కుర్చీ మాత్రం మారలేదు. అంతటి విధేయుడు.

మంత్రిగారు కారు దిగడమే ఏడుస్తూ దిగారు. ఇద్దరు కార్యకర్తలు రెండు రెక్కలూ పట్టుకున్నారు. "నా తండ్రి పోయాడయ్యా," అన్నారు కెమెరాల ముందు. ఒక కెమెరా ఆలస్యంగా వస్తే దానికోసం మళ్ళీ అన్నారు. తర్వాత, పెద్దాయన్ని ఒంటరిగా చూసుకుంటానని చెప్పి అందర్నీ మలుపు అవతలే ఆపేసి మార్చురీలోకి వచ్చారు. నేను ఖాళీ స్ట్రెచర్‌తో గుమ్మం పక్కన నిలబడ్డాను. గోడ అని చెప్పాను కదా.

మామ అప్పటికే పెద్దాయన తల చక్కగా పాపిడి తీసి దువ్వాడు.

"పోయారా?" అని అడిగారు మంత్రిగారు.

"పోయారండి."

"డాక్టరు చూశాడా?"

"చూశారండి."

"నువ్వు ఇంకోసారి చూడు."

మామ వంగి చూశాడు. "పోయారండి."

"మళ్ళీ లేచే అవకాశం…"

"నా సర్వీసులో ఎవరూ లేవలేదండి."

మంత్రిగారు గట్టిగా ఊపిరి వదిలారు. పాపం ఎంత ప్రేమో అని మామ తర్వాత నాతో అన్నాడు. దుప్పటి పైకి లాగడానికి మామ అటు తిరిగాడు, మంత్రిగారు గుమ్మంలోకి వచ్చారు. రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. అటు చూశారు. ఇటు చూశారు. ఆయన చూపు నా మీదుగా గోడ మీదికి వెళ్ళింది. చూపుడువేలు చాచి పచ్చమీట నొక్కారు. పెట్టె టింగుమంది. ఆయన ఆ మలుపు తిరిగి, కెమెరాల మధ్య స్పృహతప్పి పడిపోయారు.

మర్నాడు మంత్రిగారు పెద్దాయన కుర్చీలో కూర్చున్నారు, కన్నీళ్ళతో.

నెలాఖరున లెక్కతీస్తే మార్చురీకి ఒక నవ్వు. సున్నా నుంచి ఒకటికి ఎదుగుదల ఎన్ని రెట్లో కంప్యూటరు చెప్పలేకపోయింది. మార్చురీని మొదటి స్థానంలో పెట్టి ఊరుకుంది. మామకు బోనస్ అన్నారు. అత్త ఆ పూట ఇల్లు కడిగింది. స్థానం పోయిన గేటు కాపలావాడు ఫిర్యాదు పెట్టాడు. విచారణ జరిగింది.

"మార్చురీలోంచి బయటికొస్తూ నవ్వు బొమ్మ నొక్కే మనిషి ఈ భూమ్మీద ఉంటాడా?" అని అడిగాడు ఫలితాల ఆఫీసరుగారు. అవును, అదే ఆఫీసరు, అదే నోరు. "ఉండడు. కాబట్టి నొక్కింది మీరే."

"నేను కాదండి," అన్నాడు మామ.

"మరెవరు?"

"నేను చూశాను," అన్నాను నేను.

ఆయన నా వైపు తిరిగాడు. "నీకెన్ని నవ్వులు?"

"లేవండి."

"నవ్వులు లేనివాడి సాక్ష్యం ఎలా చెల్లుతుంది?"

"చెల్లకపోతే పోనీ. వినండి. ఆ రోజు మలుపు ఇవతలకి ఒక్కరే వచ్చారు. పేరు చెప్పమంటారా?"

సూపరింటెండెంటుగారు ఎప్పుడూ బంట్రోతును పిలిచి గ్లాసుడు నీళ్ళు పోయించుకునే మనిషి. ఆయనే స్వయంగా లేచి వెళ్ళి కిటికీ మూశారు, తలుపు మూశారు. వచ్చి కూర్చుని, "వద్దు," అన్నారు.

ఆ సాయంత్రమే గదికి తాళం పడింది. మామ బోనస్, మోసాన్ని కనిపెట్టినందుకు ఫలితాల ఆఫీసరుగారికి వెళ్ళింది. అత్త గేటు బయట ట్రంకుపెట్టె మీద కూర్చుంది. "ఇప్పుడు నవ్వవయ్యా," అంది మామతో.

మార్చురీని అదనపు బాధ్యతగా గేటు కాపలావాడికి అప్పగించారు. అనుభవజ్ఞుడు. తాళంచెవి నడుముకు కట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. పోయిన మనిషిని తీసుకుపోవాలంటే పచ్చమీట నొక్కాలి. మొన్న ఒక తల్లి కన్నీళ్ళలో మీట కనబడక తడుముకుంటుంటే చెయ్యి పట్టి నొక్కించాడు. ఈ విడతలో మార్చురీయే మొదటి స్థానం. తలలు దువ్వేవాళ్ళు లేరు. దానికి మీట లేదు.

కాబట్టి ఇప్పుడు జరగాల్సింది చెబుతున్నాను, వినండి. కొత్త అధ్యక్షులవారూ, అదే మెట్ల మీదికి రండి, అదే మైకు తీసుకోండి, "నొక్కింది నేనే," అని ఒక్క మాట చెప్పండి. ఎందుకు నొక్కారో మేం అడగం. సూపరింటెండెంటుగారూ, మూసిన తలుపు తెరవండి, ఆ గది తాళం తీయండి. బోనస్ ఎప్పటిలాగే అందరికీ సమానంగా పంచండి. ఆ పెట్టెలన్నీ ఊడబీకండి. స్క్రూడ్రైవరు నేను తెస్తాను. దువ్వెన మామను రేపు కాదు, ఈరోజే వెనక్కి పిలవండి. మీరైనా నేనైనా ఎప్పటికో ఒకప్పటికి ఆ గుమ్మంలోకి వచ్చేవాళ్ళమే. వచ్చేటప్పటికి జుట్టు చెదిరి ఉంటుంది.