మంచం దిగని పన్నెండు వేల అడుగులు

తుంటి ఎముక విరిగి ఐదు వారాలుగా మంచం పట్టిన మా నాన్న, మంగళవారం ఒక్కరోజే పన్నెండు వేల నాలుగు వందల పదహారు అడుగులు నడిచాడు!

నేను చెప్పడం లేదు. ఆయన మణికట్టుకి కట్టిన, అడుగులు లెక్కపెట్టే బ్యాండ్ చెప్పింది. మనుషులంటే అబద్ధాలాడతారు గానీ, మెషీన్లు ఆడవు కదా!

అదే రోజు ఆయన వాకర్ ఎక్కడుందో తెలుసా? బాల్కనీలో. దాని మీద రెండు తువ్వాళ్లు ఆరుతున్నాయి.

కంగారు పడకండి. ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు మీకొక సత్యం చెప్పాలి. పెద్దవాళ్లు జారిపడితే వాళ్లకి కావలసింది కొడుకు కాదు, కూతురు కాదు. బ్యాండ్!

పాత రోజుల్లో ఎంత అవస్థ! తండ్రి కాలు విరిగితే కొడుకు సెలవు పెట్టాలి. చంకలో చెయ్యేసి లేపాలి. పక్కన కూర్చోవాలి. సర్వీసులో ఉండగా మంత్రిగారి కారుని తానెలా ఆపాడో నాన్న చెబుతుంటే నూట ఒకటోసారి కూడా "ఆహా!" అనాలి. మరి బ్యాండ్‌కి నడుము నొప్పి ఉందా? విసుగుందా? ఆవలింత వస్తుందా?

మా నాన్న రిటైర్డ్ ట్రాఫిక్ కానిస్టేబుల్. బాత్రూమ్‌లో జారిపడ్డాడు. డాక్టరు ప్లేటు వేసి, స్క్రూలు బిగించి ఇంటికి పంపాడు. ఫిజియోథెరపిస్టు మేడమ్ వచ్చి ఒక్కటే మాట చెప్పింది. "పూటకి నలభై అడుగులు నడిపించండి. పక్కన ఒకరుండాలి. ఆరు వారాల్లో కాలు బలం పుంజుకోకపోతే కండ కరిగిపోతుంది. ఆ తర్వాత వీల్‌చైర్‌లోంచి లేపడం నా వల్ల కూడా కాదు."

పక్కన ఒకరుండాలి! ఆ మాట వినగానే మా ఇంట్లో అందరికీ ఆఫీసు పనులు గుర్తొచ్చాయి. నేను ఆ సాయంత్రమే బ్యాండ్ తెచ్చాను. వారం వారం వస్తానన్న మేడమ్‌ని కూడా, "మీకెందుకండీ శ్రమ, గ్రాఫు పంపిస్తాం" అని ఆపేశాను.

అంతే! పితృసేవ మొత్తం నా జేబులో ఫోన్‌లోకి వచ్చేసింది. లిఫ్టులో సేవ చేశాను. మీటింగులో బాసు మాట్లాడుతుంటే టేబుల్ కింద సేవ చేశాను. సెలూన్‌లో గడ్డానికి నురగ పట్టించుకుని కూడా సేవ మానలేదు. అక్క అయితే వాళ్లింట్లో సోఫా దిగకుండానే చేసింది. 'నాన్న నడక' అని గ్రూపు పెట్టాం. రోజూ సాయంత్రం నేను అంకె పెట్టగానే పద్దెనిమిది మంది చప్పట్ల బొమ్మలు పెడతారు. మీరే చెప్పండి, పద్దెనిమిది మంది ఒక మంచం చుట్టూ పడతారా?

ఫలితాలా? మూడో వారానికి అయిదు వేల అడుగులు! నాలుగో వారంలో యాప్ ఆయనకి 'పర్వతారోహకుడు' అని పతకం ఇచ్చింది. పదేళ్లుగా పార్కులో నడిచే మా బావ తట్టుకోలేకపోయాడు.

"మామయ్యగారు నన్ను దాటేశారోయ్! ఆ స్క్రూలు ఏ రకమో కనుక్కో" అని ఫోన్ చేశాడు. మర్నాడే జిమ్‌లో చేరాడు. చూశారా, ఒక్క బ్యాండ్‌తో రెండు ఆరోగ్యాలు!

ఇంత ఘనత దాచుకోవడం ఎందుకని, ఆ పన్నెండు వేల గ్రాఫు బుధవారం మేడమ్‌కి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"ఏవండీ, ఇది నాన్నగారిదేనా? పొరపాటున పోస్ట్‌మ్యాన్‌ది పంపారా?"

"నాన్నదేనండీ. రోజూ పెరుగుతోంది."

"నడుస్తుంటే మీరు చూశారా?"

"యాప్‌లో చూశానండీ."

"మీరు వేరే ఊళ్లో ఉంటారా?"

"లేదండీ. పక్క గదిలో."

"శనివారంతో ఆరు వారాలు. నేనే వచ్చి నిలబెట్టి చూస్తాను. ఇన్నాళ్లూ నడవలేదని తేలితే మాత్రం నన్ను ఏమీ అడక్కండి" అని పెట్టేసింది.

గురువారం ఆఫీసుకి సెలవు పెట్టాను. ఇదీ బ్యాండ్ పుణ్యమే! దర్యాప్తు వంటింట్లో మొదలైంది. మొదటి సాక్షి అమ్మ.

"అమ్మా, నాన్న నడుస్తున్నాడా?"

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి? మొన్న పన్నెండు వేల అడుగులు వేశాడు!"

"అన్ని వేస్తే ఈపాటికి మీ అక్కింటికి వెళ్లి కాఫీ తాగొచ్చేవాడు. పొద్దున మంచం మీంచి కిటికీ దగ్గర కుర్చీలోకి దించుతున్నాను, మధ్యాహ్నం మళ్లీ మంచమెక్కిస్తున్నాను. నా మోకాళ్ల అడుగులు ఎవరైనా లెక్కపెట్టార్రా?"

ఆ ప్రశ్నకి కేసుతో సంబంధం లేదు కనక రికార్డు నుంచి తొలగించాను.

పదిన్నరకి తలుపు వెనక నక్కాను. నాన్న కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. కింద నాలుగు రోడ్ల కూడలి. సిగ్నల్ పని చేయడం లేదు. బ్యాండ్ కట్టిన చెయ్యి మెల్లగా పైకి లేచింది. అరచెయ్యి ముందుకి చాచితే, ఆగు! మోచెయ్యి మడిచి ఊపితే, రా, రా, కానీ!

ఫోన్ తీసి చూశాను. స్కూలు బస్సుని సాగనంపినందుకు పద్దెనిమిది అడుగులు. నీళ్ల ట్యాంకర్ ఒకటి ఆజ్ఞ ధిక్కరించింది. దాన్ని అదిలించినందుకు నలభై! దుప్పటి కింద కాళ్లు మాత్రం కదల్లేదు.

"నాన్నా!"

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇంత మోసమా? మేమంతా నమ్మామే! ఎల్లుండి మేడమ్ వచ్చి నిలబడమంటే ఏం చేస్తావు? చెయ్యి ఊపుతావా?"

ముద్దాయి బుకాయించలేదు. చెయ్యి దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనేరా చేసింది. మీ అమ్మకేం తెలీదు, దాన్నేం అనకు. మొదటి రోజు నిజంగానే నడిచాను. దాని భుజం పట్టుకుని తలుపు దాకా వెళ్లాను. పదకొండు అడుగులు. చొక్కా తడిసిపోయింది. లారీలకి ఎదురు నిలబడ్డవాణ్ణి, బాత్రూమ్ గడప చూస్తే వణుకొచ్చింది. అప్పుడే నువ్వు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, 'ఏంటి నాన్నా, పదకొండేనా? బ్యాండ్ వదులైందేమో చూసుకో' అన్నావు. మర్నాడు ఇక్కడ కూర్చుని ఊరికే చెయ్యి ఊపాను. రెండు వేలొచ్చింది. మీ అక్క సంతోషంతో ఏడ్చిందట. ఇంకెలా ఆపను? అంకె పెరిగే కొద్దీ ఈ గదిలోకి ఎవరూ రావడం మానేశారు. తగ్గిస్తే వస్తారనుకున్నాను గానీ, కోప్పడతారేమోనని ఊరుకున్నాను. మిగతావన్నీ దొంగవే, కొట్టెయ్యి. ఆ పదకొండు మాత్రం నిజం. కావాలంటే ఇప్పుడే వేసి చూపిస్తాను. ఆ ఫోన్ మంచం మీద పడేసి, ఇటొచ్చి ఈ పక్క పట్టుకో."